సోరియాసిస్, క్రోన్స్ జన్యువులపై పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మాది చిత్తూరు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదువుతోంది. మా ఆవిడకు చాలాకాలంగా సోరియాసిస్ ఉంది. నిరుడు అబ్బాయికి పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధి అని తేలింది. రెండింటికీ జన్యుసంబంధం ఉందని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి అమ్మాయి ఆ పరిశోధనే చేస్తానంటోంది. ఎంబీబీఎస్ చదవక తప్పదా? అమ్మాయికి జన్యుపరీక్ష చేయించాలా?

జవాబు: ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. లెక్కల మీద ఆమెకు ఇష్టం ఉందా లేదా అన్నదే ఇక్కడ ఎక్కువ ముఖ్యం. ఇంటర్‌లో వదిలేసిన ఆ సబ్జెక్టు ఈ రంగంలో ఎందుకు అవసరమో పరిశోధన జరిగిన తీరు చూస్తే అర్థమవుతుంది.

చర్మమూ పేగు లోపలి పొరా నిత్యం సూక్ష్మజీవులను ఎదుర్కొనే సరిహద్దులు. అక్కడి రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ప్రొటీన్లలో ఇంటర్‌ల్యూకిన్-23 ఒకటి. దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఐఎల్23ఆర్ అనే జన్యువు నుంచి తయారవుతుంది. ఆ జన్యువులో ఒకానొక మార్పు ఉన్నవారికి క్రోన్స్ ముప్పు తక్కువని 2006లో వెల్లడైంది. మరుసటి ఏడాదే దానికి సోరియాసిస్‌తోనూ సంబంధం కనిపించింది. ఒక ఇంట్లో ఇద్దరు రోగులను పరీక్షిస్తే తేలే సంగతి కాదిది. వందలాది రోగుల, ఆరోగ్యవంతుల జన్యుపటాలలో దాదాపు 3 లక్షల చోట్లను పోల్చి చూశారు. నూటికి ఐదు తప్పులను సహించే మామూలు కొలమానం వాడితే, ఇన్ని లక్షల పోలికలలో యాదృచ్ఛికంగానే 15 వేల చోట్ల సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. వాటిలో నిజమైనదాన్ని ఏరి పట్టుకునేది గణాంకశాస్త్రమే.

ఇంటర్‌ల్యూకిన్-12, 23 రెండింటినీ అడ్డుకునే ఉస్టెకినుమాబ్ మందుకు అమెరికాలో 2009లో సోరియాసిస్‌కూ, 2016లో క్రోన్స్‌కూ అనుమతి లభించింది. కానీ అదే సంకేతాల వరుసలో తర్వాతి మెట్టయిన ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్ అనే మందు, సోరియాసిస్‌కు చక్కగా పనిచేసి, క్రోన్స్ రోగులలో మేలు చేయకపోగా కొందరికి ఇబ్బంది పెంచింది. జన్యువు ఉమ్మడిదే అయినా చర్మంలో ఒకలా, పేగులో మరోలా నడవడమే, నా దృష్టిలో, మీ అమ్మాయి లాంటివారు చేపట్టదగిన అసలు ప్రశ్న.

ఆమెకు లెక్కలంటే భయం లేకపోతే, మీకు దగ్గరలోనే ఏర్పేడు వద్ద ఉన్న కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ప్రయత్నించమనండి. దాని ప్రవేశపరీక్ష ఐఏటీని బైపీసీ వారూ రాయవచ్చు గానీ, 60 ప్రశ్నలలో 15 లెక్కలవే. అక్కడ సీటు రాకపోతే బీఎస్సీ చేసి, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో బయోటెక్నాలజీ పీజీ చదవవచ్చు. అయితే డిగ్రీలోనే గణాంకాలు, కొంత ప్రోగ్రామింగ్ నేర్చుకుని తీరాలి. పీజీ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ వస్తుంది. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయని మీరూ అమ్మాయీ ముందే అంగీకరించుకోవాలి. రోగులకు తానే వైద్యం చేయాలన్న కోరిక బలంగా ఉంటే మాత్రం నీట్ దారే సరైనది.

జన్యుపరీక్ష మాటకొస్తే, మా సంస్థ వైద్యసలహా ఇవ్వదు. అది అబ్బాయిని చూస్తున్న డాక్టరు గారినే అడగండి. ఇలాంటి జన్యుమార్పులు చాలావరకు ఒక్కొక్కటీ ముప్పును కొద్దికొద్దిగానే పెంచుతాయి లేదా తగ్గిస్తాయి కాబట్టి, జబ్బు వస్తుందో రాదో వాటిని చూసి ఎవరూ ముందుగా చెప్పలేరన్నది మాత్రం అమ్మాయికి తెలిసి ఉండాలి.