హనోయ్‌లో గ్లోబల్ హెల్త్, సంప్రదాయ వైద్యం చదవడానికి వెళ్లొచ్చా?

పబ్లిక్ హెల్త్ చదువుతూ ఒక సెమిస్టర్ వియత్నాం వెళ్లి గ్లోబల్ హెల్త్, సంప్రదాయ వైద్యం కోర్సు చేస్తే నిజంగా పనికొస్తుందా, భాష రాకపోతే ఇబ్బందా అని అడిగారు. నేను అలాంటి కోర్సే చేసి వచ్చాను. వెళ్లమనే చెబుతాను. ఎందుకో తెలియాలంటే ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి.

హనోయ్ బయట ఒక కమ్యూన్ (మన పంచాయతీ లాంటిది) ఆరోగ్య కేంద్రం వాళ్లతో కలిసి ఇంటింటికీ వెళ్లేవాళ్లం. బీపీ ఉన్నవాళ్లు ఏయే మందులు వాడుతున్నారో రాసుకోవడం మా పని. ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. బిళ్లలు మానకుండా వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని దుబాసీ చేత అడిగించాను. లేదంది. ఫారంలో 'లేదు' దగ్గర టిక్ పెట్టేశాను.

లేచి వస్తుంటే పొయ్యి పక్కన మూత పెట్టిన గిన్నె కనబడింది. మాతో వచ్చిన డాక్టరమ్మ మూత తీసి చూసి, ఇదేంటని అడిగింది. "నీళ్లే" అంది పెద్దావిడ. న్యన్ చన్ అనే మొక్కను ఎండబెట్టి, అతిమధురం ముక్కలు వేసి కాచిన నీళ్లు. రోజంతా దాహానికి అవే తాగుతుందట. అతిమధురంలో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుంది. అది రోజూ ఎక్కువగా పడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఇకమీదట అతిమధురం వేయకుండా కాచుకోమని చెప్పి, రెండు వారాల తర్వాత మళ్లీ బీపీ చూస్తానంది డాక్టరమ్మ.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన తీరే తప్పు. వాళ్ల భాషలో మందును 'థువోక్' అంటారు, పొగాకు పేరులోనూ అదే మాట ఉంటుంది. మన 'మందు'కు ఎన్ని అర్థాలున్నాయో ఒకసారి తలచుకోండి! గిన్నెలో ఉన్నది మాత్రం ఆవిడ లెక్కలో మందే కాదు. మర్నాటి నుంచి "పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తాగారు, ఒంటికి ఏం రాసుకున్నారు?" అని అడగడం మొదలుపెట్టాం. వచ్చే జవాబులే మారిపోయాయి.

ఒంటికి రాసుకునేదీ అడగాల్సిందే. జలుబు చేస్తే నూనె రాసి నాణెంతో వీపు గీకుతారు, ఎర్రటి చారలు తేలతాయి. అమెరికాలో స్థిరపడిన వియత్నాం కుటుంబాల పిల్లల మీద ఆ చారలు చూసి, కొట్టారేమోనని డాక్టర్లు అనుమానించిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇంతకీ ఆ డాక్టరమ్మ చదివింది సంప్రదాయ వైద్యమే, ఆరేళ్ల డిగ్రీ. ఆధునిక వైద్యం కూడా అందులో భాగం. ఈ రెండింటినీ కలిపి నడపాలని అప్పటి ఉత్తర వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ 1955లోనే వైద్య సిబ్బందికి ఉత్తరం రాశారు. అందుకే అక్కడ ఈ సబ్జెక్టు మ్యూజియం పాఠంలా ఉండదు.

క్లాసులో నన్ను బాగా పట్టుకున్నది ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు కథ. అమెరికాతో యుద్ధంలో మలేరియాతో సైనికులు చనిపోతుంటే ఉత్తర వియత్నాం చైనాను సాయం అడిగింది. అలా 1967లో చైనాలో ఒక రహస్య పరిశోధన మొదలైంది. అందులో పనిచేసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకు దారి చూపింది నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గ హోంగ్ గ్రంథంలోని ఒక్క వాక్యం: చింగ్‌హావ్ అనే ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగాలి. కాచమని లేదు. వేడికే గుణం పోతోందేమోనని, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో 1971లో సారం తీస్తే మందు పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఏ ఆకు అన్నదొక్కటే కాదు, దాన్ని ఎలా వాడేవారన్నదీ అడగాలని నాకు అప్పుడు బాగా ఎక్కింది.

ఇక మీ రెండో ప్రశ్న. భాష రాకపోయినా నెట్టుకురావచ్చు కానీ చాలా పోగొట్టుకుంటారు. ఆరు స్వరాల భాష, అంటే ఒకే మాటను గొంతు పెంచి, దించి పలికే తీరు మారితే అర్థం మారిపోతుంది. వెళ్లే ముందు రెండు నెలలైనా రోజూ ఓ గంట వినండి. చేరే ముందు కోర్సు వాళ్లకు మెయిల్ పెట్టి రెండు సంగతులు కనుక్కోండి: పాఠాలు చెప్పేది అక్కడి వైద్యులేనా, ఇళ్లకు వెళ్లేటప్పుడు వెంట ఎవరొస్తారు? విద్యార్థులను రోగులకు సూదులు గుచ్చనిస్తామని ఆశ పెడితే మాత్రం ఆ కోర్సు వదిలేయండి.