సౌదీ సోలార్ సైటులో టెస్టింగ్ ఉద్యోగం: చిత్తూరు నుంచి బయలుదేరే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: ఈఈఈ చదివి, చిత్తూరులో 33/11 కేవీ సబ్‌స్టేషన్ పనుల కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లుగా చేస్తున్నాను. సౌదీలో సోలార్ సైటుకి టెస్టింగ్ అండ్ కమిషనింగ్ ఇంజనీరుగా పిలుపు వచ్చింది. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ఏ కాగితాలు కావాలి, ఏం నేర్చుకుని వెళ్లాలి?

జవాబు:

లక్షన్నర ఇవ్వకండి. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, అదీ రసీదుతో. అతని లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో, గడువు దాటిందో లేదో మీరే చూసుకోవచ్చు. వీసాలో వృత్తి ఏమని రాశారో కూడా చదవండి. టెక్నీషియన్ వీసా మీద రమ్మని, ‘అక్కడికొచ్చాక ఇంజనీరుగా మారుస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. ఇంజనీరుగా పనిచేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు తప్పనిసరి. అందుకు డిగ్రీ, అనుభవం రెండూ సరిచూస్తారు.

కాగితాల్లో మనవాళ్లు ఇరుక్కునేది రెండు చోట్ల. ఒకటి, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్)తోనే ఏళ్లు నెట్టుకొచ్చి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోకపోవడం. మీది జేఎన్‌టీయూ అనంతపురం అయినా ఎస్వీయూ అయినా ఓడీకి ఈరోజే దరఖాస్తు పెట్టండి. రెండోది ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే వెరిఫికేషన్ అక్కడే ఆగుతుంది. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఈ సవరణ ముందే చేయించుకోండి. ఆ తర్వాత డిగ్రీకి రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర). సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. యూఏఈ అందులో లేదు కాబట్టి అక్కడికైతే ఎంబసీ ముద్ర కూడా పడాలి. ఇప్పటి కాంట్రాక్టరు ఇచ్చే అనుభవ పత్రంలో ‘సైట్ ఇంజనీర్’ అని ఒక్క మాట సరిపోదు. ఎన్ని కేవీ, ఎన్ని ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు, ఏ టెస్టులు చేశారో రాయించుకోండి.

ఇక పని. సౌదీ గ్రిడ్ 60 హెర్ట్జ్. మన చేతి అలవాటంతా 50. రిలే (లోపం వస్తే బ్రేకర్‌ని ట్రిప్ చేయించే పరికరం) టెస్ట్ కిట్‌లో నామినల్ ఫ్రీక్వెన్సీ 50 మీదే వదిలేసి ఇంజెక్ట్ చేస్తే ఫ్రీక్వెన్సీ తగ్గితే పట్టుకునే అండర్ ఫ్రీక్వెన్సీ ఎలిమెంట్ వెంటనే పికప్ అవుతుంది, కొత్తవాళ్లు రిలేనే అనుమానిస్తారు. వెళ్లేలోపు ఎస్‌పీడీసీఎల్ (మన విద్యుత్ పంపిణీ సంస్థ) ఎంఆర్‌టీ (మీటర్లు, రిలేల టెస్టింగ్) వాళ్లు రిలే టెస్టు చేసే చోట అనుమతి తీసుకుని పక్కన నిలబడి చూడండి. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పోలారిటీ, రేషియో, సెకండరీ ఇంజెక్షన్ (కిట్ నుంచి రిలేకి కరెంటు ఇచ్చి చూడటం) వరుస కళ్లకు కట్టాలి.

డీసీ వైపు ప్రతి స్ట్రింగ్‌కీ (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు) పోలారిటీ, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం) రీడింగ్ తీసి రాస్తారు. ఉదాహరణకి 50 వోల్టుల ప్యానెళ్లు 28 ఉంటే లేబుల్ లెక్కన 1400 వోల్టులు రావాలి. లేబుల్ లెక్క 25 డిగ్రీల దగ్గరిది. అక్కడి ఎండలో ప్యానెల్ వేడి 65 డిగ్రీలు ఉంటే, డిగ్రీకి 0.25 శాతం చొప్పున 40 డిగ్రీలకు 10 శాతం తగ్గి మీటరు 1260 చూపిస్తుంది. అది సరైన రీడింగే. 1215 వస్తేనే ఒక ప్యానెల్ తప్పిపోయిందని అర్థం. అందుకే వోల్టేజ్ పక్కనే ప్యానెల్ ఉష్ణోగ్రత రాయని షీటుకు విలువ లేదు. కనెక్టర్ల విషయంలో ఒక కంపెనీ మగదానికి మరో కంపెనీ ఆడదాన్ని బిగించనివ్వకండి. క్లిక్‌మని కూర్చుంటుంది, కానీ లోపలి కాంటాక్టు సరిపడక నెలల్లో వేడెక్కి కరిగిపోతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది 33 కేవీ కేబుల్ టెర్మినేషన్ల (కేబుల్ కొనల అమరిక) మీద. జాయింటరు కేబుల్ ఇన్సులేషన్ మీది నల్లటి సెమీకాన్ (సెమీకండక్టింగ్) పొరను కోసేటప్పుడు కత్తి గాటు కింద ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ మీద పడితే, ఆ గాటులో గాలి నిలిచి పార్షియల్ డిశ్చార్జ్ (ఇన్సులేషన్‌ని తినేసే చిన్న చిన్న స్పార్కులు) మొదలవుతుంది. గోటితో నిమిరితే గాటు తెలుస్తుంది. హీట్ ష్రింక్ వేశాక ఇక కనబడదు, కాబట్టి ముందే చూడాలి. తుడవడానికీ దిశ ఉంది: ఇన్సులేషన్ నుంచి సెమీకాన్ వైపే తుడవాలి. ఎదురు తుడిస్తే నల్ల కార్బన్ ఇన్సులేషన్ మీదికి వచ్చేస్తుంది. ఒకసారి తుడిచిన గుడ్డ ముఖంతో మళ్లీ తుడవకూడదు. ఇసుక గాలి లేచిన రోజు డేరా లేకుండా కిట్ విప్పనివ్వకండి. 19/33 కేవీ కేబుల్‌కి 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) టెస్టు 57 కేవీ దగ్గర 15 నిమిషాలు. ముందుగా సర్జ్ అరెస్టర్లు, పీటీలు (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లు) విడదీయాలి, రెండో కొనన మనిషిని కాపలా పెట్టాలి. ఈ టెస్టు పాసైనంత మాత్రాన గాటు లేదని అనుకోవద్దు. చిన్న లోపం 15 నిమిషాలు తట్టుకుని, లోడెక్కాక కొన్ని నెలలకు పేలుతుంది.

చివరిగా ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్: లైను ఆపాక పనికి తీసుకునే అనుమతి. మన దగ్గర ఫోన్లో ఎల్‌సీ తీసుకుని డిశ్చార్జ్ రాడ్ వేసి పని మొదలుపెట్టే అలవాటు ఉంటే దాన్ని ఇక్కడే మానుకోండి. అక్కడ పర్మిట్ చేతిలోకి రావాలి, మీ తాళం మీరే వేయాలి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. వోల్టేజ్ డిటెక్టర్ పనిచేస్తోందని పరీక్షించి, లైను చూసి, డిటెక్టర్‌ని మళ్లీ పరీక్షించాకే ఎర్తింగ్. బ్రేకర్ ఆపినా పగటిపూట ప్యానెల్ స్ట్రింగులు లైవే. ఇన్వర్టర్ డీసీ స్విచ్ తీసి, డీసీ క్లాంప్ మీటరులో సున్నా చూశాకే కనెక్టర్ ఊడదీయాలి. లోడ్ మీద లాగితే వచ్చే ఆర్క్ తనంతట తాను ఆరదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం, కాబట్టి టెస్టుల వరుస తెల్లవారుజామున మొదలయ్యేలా వేసుకోండి.