యువ రచయితకు లేఖ: రిజిస్ట్రార్ జనరల్ జీవితం రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జిగా చేరి, హైకోర్టు కార్యాలయాన్ని నడిపే రిజిస్ట్రార్ జనరల్‌గా పదవీ విరమణ చేసిన ఆవిడ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి పేజీ నిండా ‘ధీరవనిత’, ‘మహిళాలోకానికి ఆదర్శం’ లాంటి మాటలే ఉన్నాయి. పొద్దున ఆఫీసుకు వెళ్లి ఆవిడ ఏం చేసేవారో మాత్రం ఎక్కడా లేదు. ఆ పని రాయనంతకాలం మనిషి కనపడదు.

ముందు తేదీలు చూసుకో. పుట్టినరోజు, సర్వీసులో చేరిన రోజు, ప్రతి పోస్టింగు, ప్రతి ప్రమోషను ఒకే కాగితం మీద వరసగా రాసుకో. ఫాతిమా బీవి గారి సంగతి చూడు. 1927 ఏప్రిల్ 30న పుట్టారు. కేరళలో 1958లో మున్సిఫ్, 1968లో సబార్డినేట్ జడ్జి, 1972లో చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా సెషన్స్ జడ్జి, 1983లో హైకోర్టు జడ్జి. 62 ఏళ్లు నిండడంతో 1989 ఏప్రిల్ 29న రిటైరయ్యారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది అదే ఏడాది అక్టోబర్ 6న. ‘హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు పదోన్నతి’ అని రాస్తే తప్పన్నమాట. రిటైరై ఐదు నెలలు దాటాక వచ్చిన పిలుపు అది. తేదీలు పక్కపక్కన పెడితేనే ఆ ఖాళీ బయటపడింది. ‘సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే మున్సిఫ్‌గా గడిపిన పదేళ్లు గల్లంతవుతాయి. నీ వ్యాసంలోనూ మొదటి ఇరవై ఏళ్లకు దక్కింది నాలుగు లైన్లే.

పదవుల పేర్లు కూడా జాగ్రత్త. మున్సిఫ్‌ను ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి అంటున్నాం, సబ్ జడ్జిని సీనియర్ సివిల్ జడ్జి అంటున్నాం. ఆనాటి ఉత్తర్వులో ఏ పేరుంటే అదే రాయి. ‘ఆడవాళ్లు కోర్టు గడప తొక్కని రోజుల్లో’ అన్న వాక్యం తీసెయ్. అన్నా చాందీ గారు 1937లోనే తిరువాన్కూరులో మున్సిఫ్ అయ్యారు.

నీ రిజిస్ట్రార్ జనరల్ గారు ‘ఎంతోమంది జడ్జీలను బదిలీ చేశారు’ అన్నావు. అది ఆవిడ అధికారం కాదు. రాజ్యాంగం 235వ అధికరణం కింది కోర్టుల మీద అదుపును హైకోర్టుకు ఇచ్చింది. నిర్ణయం న్యాయమూర్తులది, ఉత్తర్వు కింద సంతకం ఆవిడది. హైకోర్టు సిబ్బంది నియామకాలు 229వ అధికరణం కింద ప్రధాన న్యాయమూర్తి చేతిలో ఉంటాయి. మరి ఆవిడ చేసిందేమిటి అంటావా? ఫైలు పైకి వెళ్లేలోపు తయారైన నోటు చూడాలి. ఖాళీలెన్ని, ఎవరు ఎక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏ కోర్టు ఇన్‌చార్జి మీదే నడుస్తోంది అన్నది తేల్చి చెప్పే పని రిజిస్ట్రీది, అంటే హైకోర్టు కార్యాలయానిది.

రిజిస్ట్రీ అంటే ఏమిటో పాఠకుడికి చూపించు. అప్పీలు ఫైలింగ్ కౌంటర్లో ఇవ్వగానే ఎస్.ఆర్. నంబరు, అంటే తాత్కాలిక నంబరు పడుతుంది. స్క్రూటినీలో కోర్టు ఫీజు తక్కువైందనో, తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేయలేదనో, గడువు దాటిందనో అభ్యంతరం రాసి తిప్పి పంపుతారు. సరిచేసి మళ్లీ వేస్తేనే రెగ్యులర్ నంబరు, ఆ తర్వాతే విచారణకు వచ్చే కేసుల జాబితా అయిన కాజ్‌లిస్టు. అభ్యంతరాలన్నీ ఒక్కసారే చెప్పకుండా ఒకటి సరిచేశాక ఇంకొకటి రాస్తే, జడ్జి ముందుకు రాకుండానే కేసు నెలలు ఆగిపోతుంది. ఆవిడ హయాంలో ఇక్కడ ఏం మారింది? ఏ సర్క్యులర్‌తో? తేదీ, దాని మీదుండే ఆర్.ఓ.సి. (ఫైలు) నంబరు రాసుకో. రిటైరైన బెంచి క్లర్కులను, కాపీయింగ్ సెక్షన్ వాళ్లను, ముఖ్యంగా వకీళ్ల గుమస్తాలను అడుగు. రోజూ ఆ కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్లే.

2017లో ఆవిడ ‘అమరావతి హైకోర్టు’లో పనిచేశారని రాశావు. 2018 డిసెంబర్ 31 దాకా రెండు రాష్ట్రాలకూ హైదరాబాదులో ఉన్న హైకోర్టు ఒక్కటే. విభజన నోటిఫికేషన్ డిసెంబర్ 26న వచ్చింది, 2019 జనవరి 1కల్లా రెండు కోర్టులు మొదలవ్వాలి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు విజయవాడలో తాత్కాలికంగా నడిచింది. న్యాయమూర్తులు, ఉద్యోగులు, కేసుల కట్టలు, అన్నీ రెండుగా విడిపోయిన ఆ వారంలో ఆవిడ రిజిస్ట్రీలోనే ఉన్నారు కదా! ఒక్క ముక్కలో దాటేశావు. నేనైతే రెండు పేజీలు ఇస్తాను. రికార్డులు ఏ లెక్కన విడదీశారు, లారీలకు ఎవరు ఎక్కించారు, రెండో రాష్ట్రానికి వెళ్లిన ఉద్యోగుల ఇళ్ల సంగతేమిటి, ఇవన్నీ అడుగు.

రహస్య నివేదికలు, విజిలెన్స్ ఫిర్యాదుల గురించి మాత్రం అడగొద్దు. ఆవిడ చెప్పకూడదు, నువ్వు రాయకూడదు. ‘ఇల్లూ ఉద్యోగం ఎలా నెట్టుకొచ్చారు’ అన్న ప్రశ్న కూడా వద్దు, మగ అధికారిని అలా అడగం. ఎన్ని బదిలీలు, ఒక్కోసారి సామాను సర్దుకోవడానికి ఎన్ని రోజులు దొరికాయి అని అడుగు. ఇంటి సంగతి ఆ జవాబులోనే వస్తుంది.

వ్యాసం తర్వాత తిరగరాద్దువుగాని. ముందు ఆ తేదీల కాగితం పంపు.

ఆశీస్సులతో