ఊరు పక్క ఫైర్ డిస్ట్రిక్ట్‌లో కలిసేముందు, అమ్మలూకి పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

మీ ఊరు పక్కనున్న ఫైర్ డిస్ట్రిక్ట్‌లో, అదే, నిప్పు ఆర్పడానికీ మెడికల్ సాయానికీ సొంతంగా పన్ను వేసి నడిచే సంస్థలో, చేరే ఆలోచనలో ఉందని, నిన్ను కమిటీలో వేశారని చెప్పావు కదా, అప్పట్నుంచీ నాకు అదే ధ్యాస. మా ఊరు చేరినప్పుడు రెండేళ్ళు మీటింగులకి తిరిగినదాన్ని, తెలిసింది రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మన వాషింగ్టన్ రాష్ట్రంలో ముందు సిటీ కౌన్సిల్ "చేరాలనుకుంటున్నాం, ఇది జనానికి మంచిది" అని ఆర్డినెన్స్, అంటే ఊరి చట్టం, పాస్ చెయ్యాలి. ఊరు డిస్ట్రిక్ట్‌ని ఆనుకుని ఉండాలి, జనాభా 3 లక్షలు దాటకూడదు, మీకా బెంగ లేదులే. డిస్ట్రిక్ట్ కమిషనర్లు సరేనంటే కౌంటీకి పంపుతారు, వాళ్ళు ఎలక్షన్ పెడతారు. ఇక్కడే అందరూ పొరబడేది, ఓటు మీ ఊళ్ళో ఒక్కచోటే కాదు, డిస్ట్రిక్ట్‌లో ఇప్పటికే ఉన్నవాళ్ళు కూడా వెయ్యాలి, రెండుచోట్లా విడివిడిగా సగానికి పైన రావాలి. ఎడ్మండ్స్ ఊరివాళ్ళు 2025 ఏప్రిల్‌లో సౌత్ కౌంటీ ఫైర్‌లో చేరడానికి ఓటేశారు కదా, అలాగే అనుకోకు, అది రీజినల్ ఫైర్ అథారిటీ, ఫైర్ డిస్ట్రిక్ట్ కాదు, వేరే రకం సంస్థ, దాంట్లో చేరే ఊరివాళ్ళ ఓటు చాలు.

మేం ఓట్లడుగుతూ మా వీధులన్నీ తిరిగి, డిస్ట్రిక్ట్‌వాళ్ళుండే అటుపక్క పొలాలవైపు చివర్లో వెళ్ళాం. ఒకాయన గేటు తియ్యకుండానే, చేతిలో గడ్డి కోసే కత్తెర అలాగే పట్టుకుని, "మీ ఊరి ఇంజన్ పాతదటగా, కొత్తది కొనే ఖర్చు మా మీద పడుతుందా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అందుకే స్టేషన్ ఎవరి పేర మారుతుంది, బళ్ళు ఎవరివి, మన ఫైర్‌ఫైటర్ల సీనియారిటీ, సెలవులు ఏమవుతాయి, కొత్త బిల్డింగుల ఇన్‌స్పెక్షన్ ఎవరు చేస్తారు, ఇవన్నీ రెండువైపులా ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి, ఆ కాగితం చేతిలో పెట్టుకునే గేట్లు తట్టు.

అసలు సంగతి డబ్బు. ఫైర్ డిస్ట్రిక్ట్ వెయ్యి డాలర్ల ఇంటి విలువకి డాలరున్నర దాకా పన్ను వెయ్యొచ్చు, అంటే 8 లక్షల డాలర్ల ఇల్లుంటే ఏడాదికి 1200. బెనిఫిట్ ఛార్జ్ అని ఫైర్ సర్వీసుకి విడిగా తీసుకునే రుసుము ఉన్నచోట ఆ పన్ను డాలరు దాటదు గానీ ఆ ఛార్జ్ వేరే కట్టాలి, అది ఇంటి విలువని బట్టి కాదు, కట్టడం సైజు వగైరాలని బట్టి. మరి ఇన్నాళ్ళూ ఫైర్ కోసం సిటీ మన పన్నుల్లోంచి పెట్టిన డబ్బు మిగుల్తుందిగా, అది మనకి తగ్గిస్తారా? సిటీ వెయ్యగల పన్నుకి పరిమితి వెయ్యి డాలర్ల విలువకి 3 డాలర్ల 60 సెంట్లు, ఆ పరిమితిలోంచి ఫైర్ డిస్ట్రిక్ట్, లైబ్రరీ డిస్ట్రిక్ట్ వేసే పన్నులు తీసేస్తారు, కానీ సిటీ ఇప్పటికే దానికన్నా బాగా తక్కువ వేస్తుంటే తగ్గించి తీరాలనేం లేదు. మా ఊళ్ళో నోటిమాటగా తగ్గిస్తామన్నారు, ఓటింగ్ అయ్యాక ఆ డబ్బు వేరేవాటికి వెళ్ళింది, మా పక్కింటి పెన్షన్ ముసలావిడ పన్ను కాగితం పట్టుకొచ్చి "నువ్వే కదా ఓటెయ్యమన్నావు" అంది, ఆ మాట ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటుంది. కాబట్టి బ్యాలెట్‌కి ముందే ఎంత తగ్గిస్తారో కౌన్సిల్‌చేత తీర్మానం చేయించు, దాంట్లో మొహమాటం వద్దమ్మా.

ఇలా అన్నానని చేరొద్దని కాదు. ఇక్కడ వచ్చే కాల్స్‌లో నిప్పుకంటే మెడికల్‌వే ఎక్కువ, మీ పెదనాన్నకి అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు డిస్ట్రిక్ట్ బండి వచ్చేదాకా నేను వాకిట్లో లైటు వేసి నిలబడ్డాను, బండి దిగి లోపలికొచ్చిన ఫైర్‌ఫైటర్ పిల్ల బూట్లతోనే మోకాళ్ళమీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది, ఆ మనుషులు మనకి కావాలి.

ఇంకోటి, డేట్లు చూసుకోండి, మీ ఊరు కలిసిన డిస్ట్రిక్ట్ కొత్త సరిహద్దులు ఆగస్టు 1 లోపు ఖాయమైతేనే తర్వాతి ఏడాది నుంచి పన్ను వసూలవుతుంది, దాటితే ఇంకో ఏడాది ఆగాలి. శనివారం మీ సిటీ బడ్జెట్ కాగితాలు, మీ ఇంటి పన్ను కాగితం తీసుకుని రా, లెక్క ఇద్దరం కూర్చుని చూద్దాం, పప్పుచారు పెడతా.

పెద్దమ్మ