నక్షత్రాలు లెక్కపెట్టేముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిజాంపేట ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అల్లుడు షాపుల్లో తీసిన ఫొటోలు పదకొండు వాట్సాప్‌లో వచ్చాయి. కింద నీ ప్రశ్న: "పెదనాన్నా, అన్నిటి మీదా ఏదో ఒక ఆకుపచ్చ బొమ్మ ఉంది, ఏది నమ్మాలి?" అని. ఫోన్లో చెబితే షాపు గుమ్మం ఎక్కేసరికి సగం మరిచిపోతావు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. ముప్పై నాలుగేళ్లు ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ అమ్మినవాణ్ని. కొనేవాళ్లకు మేం చెప్పని సంగతులు కూడా నాకు తెలుసు.

ఆ పదకొండులో నాలుగు అసలు పక్కన పెట్టెయ్. ఆకు బొమ్మ, దోసిట్లో మొలక, భూగోళం చుట్టూ తిరిగే బాణం, ఇవన్నీ కంపెనీ వాళ్ల బొమ్మలేసేవాడు వేసినవి. ఎవరూ పరీక్షించి ఇచ్చినవి కావు. 'ఎకో ఫ్రెండ్లీ', 'గ్రీన్', 'నేచురల్' అన్న మాటలూ అంతే. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటి మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఊరికే 'గ్రీన్' అంటే చాలదు, దేన్నిబట్టి అంటున్నారో ఆధారం ఉండాలి, ఆ వివరం క్యూఆర్ కోడ్‌తోనో ఇంకోరకంగానో కొనేవాళ్లకు అందాలి. కాబట్టి షాపు కుర్రాణ్ని అడుగు, "ఏ విధంగా గ్రీన్ బాబూ?" అని. నీళ్లు నమిలితే ఆ మాటను ధరలోంచి తీసేసి ఆలోచించు. మరీ మోసంగా కనిపిస్తే 1915కి ఫోన్ చెయ్యి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

పచ్చడి ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్కను కూడా ఫొటో తీశాడు అల్లుడు! అది శాకాహారమని చెప్పే గుర్తమ్మా, పర్యావరణంతో దానికి పని లేదు. నీళ్ల సీసా అడుగున త్రికోణంలో ఉన్న అంకె కూడా అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందంతే. ఆ సీసాను నిజంగా ఎవరైనా తీసుకెళ్లి కరిగించి మళ్లీ వాడతారని హామీ కాదు.

ఏ ముద్ర కనిపించినా రెండే అడుగు. ఎవరు వేశారు? ఏం చూసి వేశారు?

ఇక అసలు సంగతి, స్టార్ లేబుల్. ఇది కేంద్రం వాళ్ల బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో మొదలుపెట్టింది. మొదట్లో కంపెనీల ఇష్టం. 2010 నుంచి ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరి అయింది. ఇది కరెంటు ఒక్కటే చూసే లేబులు. చూసినంత వరకు బాగానే చూస్తుంది.

అల్లుడు ముందు ఏసీ అంటున్నాడు. నేను ముందు ఫ్యాన్లంటాను. అద్దె ఇంటి నుంచి తెచ్చుకుంటామంటున్న మూడు పాత ఫ్యాన్లూ 75 వాట్లవి, నేనే అమ్మాను. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ స్టార్లు తప్పనిసరి. బీఎల్‌డీసీ అనే, తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారుతో వచ్చే ఫైవ్ స్టార్ ఫ్యాన్ 30 వాట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. తేడా 45 వాట్లు. మీ నాయనమ్మ మీ దగ్గరకే వస్తోంది కదా, ఆవిడ గదిలో ఫ్యాన్ రోజుకు పదిహేను గంటలైనా తిరుగుతుంది. ఏడాదికి మూడొందల రోజులు వేసుకో. 200 యూనిట్లు మిగిలాయి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే పద్నాలుగొందలు. ఫ్యాన్ మూడు వేలు పెట్టి కొన్నా రెండేళ్లు దాటేసరికి డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ ఫ్యాన్లకు గోడ మీది పాత రెగ్యులేటర్ పనికిరాదు, దాన్ని తీయించి నేరుగా కనెక్షన్ ఇవ్వమను. ఎలక్ట్రీషియన్లు బద్ధకించి వదిలేస్తారు, తరవాత మోటారు పోయిందని కంపెనీని తిడతారు.

ఇప్పుడు ఏసీ. అల్లుడు పంపిన రెండు లేబుళ్లలో త్రీ స్టార్ మీద ఏడాదికి 1000 యూనిట్లు, ఫైవ్ స్టార్ మీద 800 అని ఉంది. తేడా 200, అంటే ఒక్క ఫ్యాన్ మిగిల్చినంత! ధరలో తేడా మాత్రం తొమ్మిది వేలు. ఇంకో కిటుకు ఉంది. లేబుల్ మీది ఆ అంకె ఏడాదికి 1600 గంటలు వేస్తారన్న లెక్క మీద వేసింది. మీరిద్దరూ పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లు. నాయనమ్మకు ఏసీ గాలి పడదు. వేసవి మూడు నెలలు రాత్రిపూట ఆరేసి గంటలు వేస్తే 540 గంటలు, అంటే మూడో వంతు. మిగిలేది 67 యూనిట్లు. ఈ లెక్కన తొమ్మిది వేలు తిరిగి రావడానికి పంతొమ్మిదేళ్లు పడుతుంది, అప్పటికి ఆ ఏసీ పాత సామాన్లవాడి తోపుడుబండి మీద ఉంటుంది. అదే మన దుకాణంలో అయితే తొమ్మిది నెలలు రోజుకు పది గంటలు తిరిగేది, అక్కడ ఫైవ్ స్టార్ నాలుగేళ్లలో ఖరీదు రాబట్టింది. కాబట్టి మీకు త్రీ స్టార్ చాలు. మిగిలిన తొమ్మిది వేలతో మూడు ఫ్యాన్లూ మార్చు. భూమికి మేలు చేయాలన్నావుగా, కరెంటు తయారీకి కాలే బొగ్గు కూడా ఈ యూనిట్ల లెక్క ప్రకారమే కాలుతుంది. నక్షత్రాలతో దానికి పని లేదు. ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, 2020 నుంచి అలా పెట్టారు. అల్లుడు రిమోట్ తీసుకుని 18కి దించకుండా చూసుకో. ఒక్క డిగ్రీ పెంచితే ఇంచుమించు ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరో వాళ్లే చెబుతారు.

నక్షత్రాల పక్కనే లేబుల్ చెల్లే కాలం రాసి ఉంటుంది, సన్నగా. అది తప్పకుండా చదువు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో నా తప్పొకటి ఉంది. ఏసీల కొలతను 2022 జూలైలో బిగించారు. ఐఎస్‌ఈఈఆర్ అని ఒక అంకె ఉంటుంది, తాగిన కరెంటుకు ఏసీ ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది. అంతకుముందు స్ప్లిట్ ఏసీకి అది నాలుగున్నర ఉంటే ఐదు నక్షత్రాలు, అప్పటినుంచి ఐదు ఉండాలన్నారు. నిన్నటి ఫైవ్ స్టార్ తెల్లారేసరికి ఫోర్ స్టార్ అయింది. నా గోడౌన్లో అలాంటివి ఏడు మిగిలిపోయాయి. పాత లేబుల్‌తోనే అమ్మేశాను. అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. కొన్న ఒక లెక్చరర్ గారు రెండో వేసవికి తన లేబుల్ ఫొటో, పక్కింటివాళ్ల లేబుల్ ఫొటో పక్కపక్కన పెట్టుకుని వచ్చారు. గొడవేం పడలేదు. మీ పెద్దమ్మ పంపిన మజ్జిగ తాగి వెళ్లారు. ఆ ఇంటి నుంచి మళ్లీ ఎవరూ నా కొట్టు మెట్లెక్కలేదు. అందుకని ఏసీ కొనేటప్పుడు స్టార్ల కన్నా ఆ ఐఎస్‌ఈఈఆర్ అంకె చూడు, దానికి తేదీతో పనిలేదు.

ఫ్రిజ్ దగ్గర ఇంకో చిక్కు. నక్షత్రాలు ఆ సైజు ఫ్రిజ్‌లతో పోల్చి ఇస్తారు. నాలుగొందల లీటర్ల ఫైవ్ స్టార్ ఫ్రిజ్ రెండొందల లీటర్ల త్రీ స్టార్ కన్నా ఎక్కువ కరెంటు తాగవచ్చు. ముగ్గురికి పెద్దది ఎందుకు? చిన్నది తీసుకో, అందులో మాత్రం ఎక్కువ స్టార్లున్నదే తీసుకో. ఎందుకంటే అది ఇరవై నాలుగ్గంటలూ ఆగని వస్తువు.

ఇక ఈ లేబుల్ చూడని సంగతి, లోపల ఉండి చల్లబరిచే గ్యాసు. ఏసీలో ఆర్410ఏ ఉంటే, అది కారిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడ్ కన్నా 2088 రెట్లు వేడి పెంచుతుంది. ఆర్32 అయితే 675 రెట్లు. ఆర్290 ఇంకా ఎంతో తక్కువ. ఈ పేరు నక్షత్రాల దగ్గర కనపడదు, అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న ప్లేటు మీద ఉంటుంది. బిగించేవాడు పైపు జాయింట్లు సబ్బు నురగ పెట్టి పరీక్షించేదాకా టీ ఇవ్వకు.

నువ్వు అడిగిన ఇంకో ముద్ర ఉంది, ఎకోమార్క్. దాని కథ వింటే నవ్వొస్తుంది. 1991లో కేంద్ర పర్యావరణ శాఖ పెట్టింది. గుర్తు మట్టికుండ. వస్తువు పుట్టుక నుంచి చితి దాకా, అంటే ముడిసరుకు, తయారీ, వాడకం, పారేయడం అన్నీ చూసి ఇవ్వాలని ఉద్దేశం. సబ్బులు, కాగితం, రంగులు, బ్యాటరీలు, కొబ్బరి పీచు దాకా జాబితాలో ఉన్నాయి. కానీ నేను కొట్టు కట్టేసేదాకా ఆ కుండ బొమ్మున్న వస్తువు ఒక్కటీ నా చేతికి రాలేదు. ఐఎస్ఐ ముద్రకు కట్టి, దాని మీద ఇంకా కట్టి, ఎవరూ అడగని గుర్తు కోసం కంపెనీలు ఎందుకు తిరుగుతాయి? మేమూ ఒక్క సేల్స్‌మన్నీ అడిగిన పాపాన పోలేదు. 2024 సెప్టెంబరులో పాత పథకం తీసేసి కొత్త ఎకోమార్క్ నియమాలు తెచ్చారు. ఇప్పుడు చూసుకునేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి. ఇచ్చిన ధ్రువపత్రం మూడేళ్లే, అబద్ధం చెప్పి తీసుకుంటే రద్దు. సబ్బు పొడీ నోటుబుక్కులూ కొనేటప్పుడు "ఎకోమార్క్ ఉందా?" అని అడుగు. ఉండకపోవచ్చు. అయినా అడుగు, మేం చేయని పని అది.

మీ తమ్ముడు జర్మనీ నుంచి పంపిన ప్రింటర్ కాగితాల ప్యాకెట్ ఫొటో చూశావా? దాని మీది నీలం రంగు మనిషి బొమ్మ 'బ్లూ ఏంజెల్'. 1978 నుంచి అక్కడి ప్రభుత్వం ఇస్తున్నది, ఇలాంటివాటిలో ప్రపంచంలోకెల్లా మొదటిది. నాకు దాంట్లో నచ్చింది ఒకటే: ఆ గుర్తు చుట్టూ ఎందుకిచ్చారో కూడా రాసేవారట, పాత కాగితం నుంచి చేసినందుకు అని. మనవాళ్లూ ఆ పని చేస్తే నాకు ఇంత ఉత్తరం రాసే పని తప్పేది.

గోడల రంగు సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో పెయింటర్ చేత చదివించకు, నువ్వే చదువు.

బియ్యం, పప్పుల్లో 'ఆర్గానిక్' అంటే ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 'జైవిక్ భారత్' గుర్తుండాలి. దాని పక్కన 'పీజీఎస్ గ్రీన్' అని ఉంటే ఆ పొలం సేంద్రియ సాగుకు ఇంకా మారుతోందని, పూర్తిగా మారలేదని అర్థం. అయితే మన తెనాలి వైపు నుంచి నేరుగా తెచ్చి అమ్ముకునే చిన్న రైతును పట్టుకుని లోగో ఏదయ్యా అనకు. చిన్నవాళ్లు స్వయంగా అమ్ముకుంటే నిబంధనల్లో వాళ్లకు మినహాయింపు ఉంది. ఏం వేశావు, ఏం కొట్టావు అని మాట్లాడి కొను.

'మట్టిలో కలిసిపోయే' సంచులని మాల్లో ఇస్తారు. కంపోస్టబుల్ అని రాసి ఉన్నా అది పెద్ద కంపోస్టు ప్లాంటు వేడిలో కలిసేది, మీ బాల్కనీ కుండీలో కాదు. నేను పాతిపెట్టి చూశాను, పోయిన శ్రావణంలో పెట్టింది ఇంకా అలాగే ఉంది. మీ పెద్దమ్మ కుట్టిన గుడ్డసంచులు నాలుగు పంపుతున్నాను.

శనివారం షాపుకి వెళతామన్నారు కదా. ఫ్యాన్, ఫ్రిజ్, ఏసీ, మూడింటి లేబుళ్లూ దగ్గరగా, అంకెలు కనపడేలా ఫొటో తీసి పంపు. బిల్లు కట్టకముందు పంపు. నాయనమ్మ మంచం సరిగ్గా ఫ్యాన్ కింద వేయించకు, ఆవిడకు తెల్లవారుజామున మెడ పట్టేస్తుంది, ఓ మూర పక్కకి జరుపు.

మీ పెదనాన్న