ఒరే చిన్నా, ఆ రీసెట్ పిన్ను జోలికి మాత్రం వెళ్ళకు

ఒరే చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రాత్రి పదకొండున్నరకి పంపావంటేనే ఎంత విసిగిపోయావో తెలుస్తోంది. కోడలి కొత్త ఐఫోన్ వైఫై ఎక్కట్లేదు, మీ నాన్నగారి ఫోన్ మొన్నటిదాకా బాగానే ఎక్కి నిన్నట్నుంచి ఎక్కట్లేదు, నీ ఆఫీసు లాప్‌టాప్‌కి మాత్రం ఏం కాలేదు, పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చి చూశావు, ఇంక పొద్దున్నే రౌటర్‌కి రీసెట్ కొట్టేస్తానంటున్నావు. కొట్టకు. ఇది మొత్తం చదివేదాకా ఆ సూది చేత్తో పట్టుకోకు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని టైప్ చేస్తున్నాను.

రీసెట్ ఎందుకు వద్దంటున్నానంటే, నీ దగ్గరున్నది ఫైబర్ వాళ్ళు పెట్టిన డబ్బా, అందులో నీ కనెక్షన్ యూజర్ ఐడీ, దాని పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (కంపెనీ లైన్లో నీ నెట్‌కి వేరుచేసిన దారి గుర్తు) అన్నీ వాళ్ళ మనిషి వచ్చి ఎక్కించి వెళ్ళినవి. పది సెకన్లు పిన్ను నొక్కితే ఏయే ఫోన్లు వైఫై ఎక్కొచ్చో వాటి నంబర్లు రాసి నువ్వు రౌటర్‌లో పెట్టిన లిస్టుతో పాటు చాలా డబ్బాల్లో అవీ పోతాయి, మళ్ళీ ఆ మనిషి వచ్చేదాకా ఇంట్లో నెట్టే ఉండదు. మా బిల్డింగ్‌లో కింద ఫ్లాట్ వాళ్ళు ఇలాగే కొట్టేసి నాలుగు రోజులు కూర్చున్నారు, ఆ పిల్ల ఆన్‌లైన్ టెస్టు మా ఇంట్లో రాసుకుంది. ఇప్పుడు నీకొచ్చింది లైన్ ప్రాబ్లం కాదు కదా, లైన్ బాగుంటేనే కదా నీ లాప్‌టాప్ నడుస్తోంది.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో ఎమ్‌డీఎఫ్ (మెయిన్ డిస్ట్రిబ్యూషన్ ఫ్రేము) దగ్గర ఎన్నేళ్ళు చేశానో నీకు తెలుసు. ఊళ్ళోంచి వచ్చే కేబుళ్ళన్నీ ఆ ఫ్రేము మీదకి వస్తాయి, ఒక పక్క ఎక్స్చేంజ్, ఇంకో పక్క బయటి లైను. టోన్ రావట్లేదని కంప్లయింట్ వస్తే మేం ముందు చేసేది ఒక్కటే, ఫ్రేము దగ్గర మధ్యలో విడదీసి అటూ ఇటూ టెస్ట్ చేస్తాం, ఫాల్ట్ లోపలుందా బయటుందా తేలాక గానీ మనిషిని స్తంభం ఎక్కించం. నువ్వు చేసిందేటంటే, ఏ పక్క ఫాల్టో చూడకుండా పాస్‌వర్డ్ మార్చావు, అది మార్చాక వైఫై పేరు మార్చావు, మళ్ళీ పాస్‌వర్డ్ మార్చావు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది తగిలి ఏది తేడా చేసిందో దేవుడికి కూడా తెలీదు.

కాబట్టి ముందు మధ్యలో విడదీయి. లాప్‌టాప్‌లో రౌటర్ పేజీ ఓపెన్ చెయ్యి (చాలావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, డబ్బా అడుగున స్టిక్కర్ మీద రాసుంటుంది). మ్యాక్ ఫిల్టర్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో ఉంటుంది, నీ లిస్టు ఉన్నది అందులోనే, దాన్ని ఒక్క రెండు నిమిషాలు డిజేబుల్ చేసి సేవ్ కొట్టు, లిస్టు డిలీట్ చెయ్యొద్దు, ఆపు అంతే. ఇప్పుడు కోడలి ఫోన్ ఎక్కిందా? ఎక్కితే ఫాల్ట్ లిస్టులోనే ఉంది, పాస్‌వర్డ్‌కి ఏ సంబంధమూ లేదు. ఎక్కకపోతే లిస్టు సంగతి వదిలేసి పాస్‌వర్డ్ వైపు చూడు. ఇంకో గుర్తు కూడా ఉంది, పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా ఫోన్ అసలు కనెక్ట్ అవ్వకపోతే వైర్‌లెస్ ఫిల్టర్ గుమ్మం దగ్గరే తోసేస్తున్నట్టు, అదే కనెక్టెడ్ అని చూపించి నెట్ మాత్రం రాకపోతే లోపలికి రానిచ్చి ఆపుతున్నట్టు, అది పేరెంటల్ కంట్రోల్ లాంటి వేరే పేజీలో ఉండే రూలు.

ఎక్కుతుందనే నా నమ్మకం, ఎందుకంటే నువ్వు పంపిన లిస్టు స్క్రీన్‌షాట్ చూడగానే నాకు సగం అర్థమైపోయింది. నాన్నగారి ఫోన్ పేరుతో లిస్టులో ఉన్న నంబరు ఏ6 తో మొదలవుతోంది చూడు. మ్యాక్ అడ్రస్ అంటే పన్నెండు అక్షరాలు, రెండేసి చొప్పున ఆరు జతలు, మామూలుగా మొదటి మూడు జతలూ తయారుచేసిన కంపెనీకి ఐట్రిపులీ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ వాళ్ళు ఇచ్చినవి. కానీ రెండో అక్షరం 2 గానీ 6 గానీ, లేదంటే ఏ, ఈ అనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి గానీ అయితే అది ఫ్యాక్టరీ నంబరు కాదు, ఫోన్ తనంతట తాను తయారుచేసుకున్నది. ఆండ్రాయిడ్‌లో 2019లో వచ్చిన 10 వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఇదే డిఫాల్ట్. ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ నంబరు చెప్తాయి. అది తప్పు కాదు, మంచికే పెట్టారు, రైల్వే స్టేషన్లో ఫ్రీ వైఫైకీ, మాల్ వైఫైకీ ఒకే నంబరు చెప్తే నువ్వు ఎక్కడెక్కడ తిరిగావో పట్టేసుకోవచ్చు కదా.

ఇప్పుడు అసలు సంగతి. నాన్నగారి ఫోన్ మీ పాత వైఫై పేరుకి ఏ6 నంబరు తయారుచేసుకుంది, నువ్వు వేసవిలో లిస్టు పెట్టినప్పుడు అదే ఎక్కించావు, అన్నాళ్ళూ బాగానే నడిచింది. మొన్న రాత్రి పైపోర్షన్ కుర్రాళ్ళకి కనపడకూడదని వైఫై పేరు మార్చావు. ఫోన్‌కి అది కొత్త వైఫై, ఇంకో కొత్త నంబరు తయారుచేసుకుంది, ఆ నంబరు లిస్టులో లేదు. నీ లాప్‌టాప్ ఎప్పుడూ ఫ్యాక్టరీ నంబరే చెప్తోంది కాబట్టి దానికి ఏ తేడా రాలేదు. పాపం మరిదిగారు తనే ఏదో నొక్కేశానేమో అని రెండు రోజుల్నుంచి బాధపడుతున్నారట, మీ అమ్మ చెప్పింది. ముందు ఆయనకి చెప్పు, ఆయన తప్పేమీ లేదని.

కోడలిది ఇంకో రకం. నువ్వు ఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్ళి వైఫై అడ్రస్ చూసి లిస్టులో ఎక్కించానన్నావు. అక్కడ కనపడేది ఫ్యాక్టరీ నంబరు. రౌటర్‌కి ఆ ఫోన్ చెప్తున్నది వేరే నంబరు. అందుకే నువ్వు ఎన్నిసార్లు సరిచూసినా కరెక్టుగానే కనపడుతుంది, అది మాత్రం ఎక్కదు.

ఏం చెయ్యాలంటే, ఐఫోన్‌లో వైఫైలోకి వెళ్ళి మీ ఇంటి పేరు పక్కన చిన్న గుండ్రం ఐ గుర్తు నొక్కు, ప్రైవేట్ వైఫై అడ్రస్ అని ఉంటుంది, అక్కడ ఆఫ్ పెట్టు. కొత్త ఐఓఎస్‌లో ఆఫ్, ఫిక్స్‌డ్, రొటేటింగ్ అని మూడుంటాయి, రొటేటింగ్ ఉంటే నీ లిస్టు ఎప్పటికీ నిలవదు. నాన్నగారి ఆండ్రాయిడ్‌లో మీ వైఫై పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి ప్రైవసీ లేదా మ్యాక్ అడ్రస్ టైప్ అని ఉన్నచోట ర్యాండమైజ్డ్ తీసేసి డివైస్ మ్యాక్ లేదా ఫోన్ మ్యాక్ పెట్టు. ఇది ఒక్క మీ ఇంటి వైఫైకే, బయట వాటికి ర్యాండమ్‌గానే ఉండనీ, అది ముట్టుకోకు. తర్వాత ఆ నంబర్లు ఫోన్లో చూసి టైప్ చెయ్యొద్దు. ఫిల్టర్ ఆపి ఉన్న ఆ కాసేపట్లోనే రెండు ఫోన్లూ కనెక్ట్ చేసి, రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ దగ్గర కనపడే నంబర్లు కాపీ చేసి లిస్టులో పెట్టు. రౌటర్ కళ్ళకి ఏది కనపడుతోందో అదే లెక్క. పాత ఏ6 నంబరు అప్పుడు తీసెయ్యి. అన్నీ ఎక్కించాకే ఫిల్టర్ ఎనేబుల్ చెయ్యి.

చేత్తో టైప్ చెయ్యక తప్పకపోతే ఒకటి గుర్తుపెట్టుకో, అందులో సున్నాలే ఉంటాయి, ఇంగ్లీషు ఓ (O) అక్షరం ఉండదు. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ, అంతే. 8కీ బీకీ మధ్య నాకే చాలాసార్లు కళ్ళు మోసపోయాయి, కళ్ళజోడు పెట్టుకుని జతజతగా పైకి చదువుతా.

ఎనేబుల్ కొట్టేముందు ఆ పక్కన ఎలౌ ఉందా డినై ఉందా చూడు. ఎలౌ అంటే లిస్టులో ఉన్నవాళ్ళే రావాలి, డినై అంటే లిస్టులో ఉన్నవాళ్ళు రాకూడదు. ఇంట్లోవాళ్ళందర్నీ రాసి డినై పెడితే ఇంట్లోవాళ్ళే బయట, ఖాళీ లిస్టు మీద ఎలౌ పెడితే నీతో సహా అందరూ బయట. అలా అయిపోతే కంగారు పడకు, లాన్ కేబుల్‌తో లాప్‌టాప్‌ని రౌటర్‌కి కలుపు, వైర్‌లెస్ ఫిల్టర్ మామూలుగా కేబుల్‌ని ఆపదు, లోపలికి వెళ్ళి సరిచేసుకోవచ్చు. ఈ పని మొదలెట్టకముందే కేబుల్ పక్కన పెట్టుకో. లేకపోతే ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇస్తారు. కొన్నాక కవర్లో చుట్టి లోపల పెట్టు, మన ఊళ్ళో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడిపోతాయి, బీచ్‌కి దగ్గరగా ఉన్న మా ఎంవీపీ కాలనీలో అయితే మరీను, అవసరమైన రోజున చూస్తే అదే పనిచెయ్యదు.

ఇంకో రెండు మూడు చోట్ల కూడా చూడాలి. మీ డబ్బాలో వైఫై నడిచే రెండు బ్యాండ్లకి, అంటే 2.4కీ 5 గిగాహెర్ట్జ్‌కీ లిస్టులు వేరువేరుగా ఉంటే ఒకదాంట్లో ఎక్కించి ఇంకోదాంట్లో మర్చిపోతాం, అప్పుడు హాల్లో వస్తుంది, వెనక బెడ్రూంలోకి వెళ్తే పోతుంది, జనం సిగ్నల్ వీక్ అనుకుంటారు. నువ్వు మెట్ల దగ్గర పెట్టిన ఎక్స్‌టెండర్ సంగతి కూడా చూడు, కొన్ని ఎక్స్‌టెండర్లు వాటి వెనకున్న ఫోన్ల నంబర్లు మార్చి చెప్తాయి, అక్కడికెళ్తేనే ఆగిపోతుంటే అదే. బుజ్జిదాని ట్యాబ్‌కి రాత్రి తొమ్మిదికి ఆగేలా టైమింగ్ పెట్టావు కదా, రౌటర్‌లో టైమ్‌జోన్ 5:30 పెట్టకుండా వదిలేస్తే దాని తొమ్మిది మనకి తెల్లవారుజామున రెండున్నర. కరెంటు పోయొచ్చాక గడియారం సరిగ్గా ఉందో లేదో ఓసారి చూడు.

ఇప్పుడు నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్నది. నోట్‌బుక్ పెట్టు. ఒక పేజీ చాలు, ఎవరిది, ఏ పరికరం, నంబరు, ఏ రోజు ఎక్కించావు. ఫ్రేముకి మనుషులు తెలీరు, పెయిర్ (ఒక్కో లైనుకుండే తీగల జత) నంబర్లే తెలుసు, నీ రౌటరూ అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా పడిపోయినప్పుడు చూశాను, ఏ పెయిర్ ఎవరిదో రాసి ఉన్నచోట పని చకచకా సాగింది, రాసి లేనిచోట ఒక్కొక్క తీగా పట్టుకుని వెతుక్కున్నాం.

అంత అనుభవం ఉండి కూడా మా ఇంట్లో నేను రాయలేదురా. రెండేళ్ళ క్రితం లిస్టు చూస్తుంటే పేరు లేనిది ఒకటి కనపడింది, అన్‌నోన్ అని ఉంది, ఎవరో దూరారనుకుని తీసేశాను. అది మీ అమ్మమ్మ గదిలో కెమెరా. మర్నాడు రైతుబజారుకి వెళ్ళి ఫోన్లో చూస్తే ఆఫ్‌లైన్ అంది, నెట్ పోయిందేమో అనుకుని నెమ్మదిగానే వచ్చాను. వచ్చేసరికి అమ్మ బాత్రూం గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది, కాలు జారి అరగంటయిందట, లేవలేక అలాగే ఉండిపోయింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. ఆ సాయంత్రమే నోట్‌బుక్ కొన్నాను. అందుకే చెప్తున్నాను, నీ లిస్టులో పేరు లేని రెండు నంబర్లున్నాయి, అవి తెలీకుండా తీసెయ్యొద్దు. ఒకదానికి ఎస్‌ప్రెసిఫ్ అని చూపిస్తోంది, అది స్మార్ట్ ప్లగ్గుల్లో బల్బుల్లో ఉండే చిప్పు తయారుచేసే కంపెనీ పేరు, మీ గీజర్ ప్లగ్గు అయ్యుండొచ్చు. దాన్ని పీకి చూడు, కనెక్టెడ్ లిస్టులోంచి పోతే అదే.

పైపోర్షన్ కుర్రాళ్ళ విషయంలో నా మాట విను, ఈ లిస్టు తాళం కాదు. నంబర్లు గాల్లో బాహాటంగానే వెళ్తాయి, నేర్చుకున్నవాడు నీ లాప్‌టాప్ నంబరు కాపీ కొట్టి తనదిగా చెప్పగలడు. అసలు తాళం పాస్‌వర్డే, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టు, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్ నంబర్‌తోనో ఎక్కించేది) ఆపెయ్యి, రౌటర్ పేజీ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈ రాత్రే మార్చు. ఆ పిల్లలకి గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి వేరే పాస్‌వర్డ్ ఇయ్యి. ఇల్లొదిలి చదువుకోడానికొచ్చిన పిల్లలు, వాళ్ళకీ నెట్ కావాలి, దాచుకుంటూ తిరిగేకన్నా అడిగి ఇస్తే నీకే మనశ్శాంతి. లిస్టుని మాత్రం ఇంట్లో ఎవరి పరికరాలు ఏవో తెలియడానికి, బుజ్జిదాని టైమింగ్‌కీ వాడుకో.

అంతా కుదిరాక రౌటర్ పేజీలో బ్యాకప్ అని ఉంటుంది, ఆ ఫైల్ లాప్‌టాప్‌లో దాచు. వైఫై పేరు మళ్ళీ మార్చకు.

ముందు నాన్నగారి ఫోన్‌తో మొదలెట్టు, కోడలిది తర్వాత. ఫిల్టర్ ఆపి చూసినప్పుడు ఫోన్ ఏం చూపించిందో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు, అయిదింటికల్లా లేచే ఉంటాను. అప్పటికీ కుదరకపోతే ఆదివారం మధురవాడ బస్సెక్కి వచ్చేస్తాను, నా కేబుల్ తెస్తాను.

మీ పెద్దమ్మ