సైకిలు దిగి పరిగెత్తే పందెం

ప్రశ్న: ఆదివారాలు గండిపేట దాకా సైకిలు తొక్కుతాను. బురదలో సైకిలు భుజానేసుకుని పరిగెత్తే సైక్లోక్రాస్ వీడియోలు చూశాక నాకూ సరదా పుట్టింది. నాది 35 మి.మీ. టైర్ల హైబ్రిడ్. కొత్తది కొనాలా? ముందేం నేర్చుకోవాలి?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఇప్పుడే కొనకండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పోటీల్లో టైరు వెడల్పు 33 మి.మీ. దాటకూడదు గానీ, సాధనకు ఆ గొడవ లేదు. ఐరోపాలో ఇది చలికాలపు ఆట. మొదటి ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో జరిగింది. ఒక్కో చుట్టు 2.5 నుంచి 3.5 కిలోమీటర్లు, అగ్రశ్రేణి పురుషులు సుమారు గంటసేపు తిరుగుతారు. దారిలో ఇసుక, మెట్లు, 40 సెం.మీ. దాకా ఎత్తున్న చెక్క పలకలు అడ్డంగా ఉంటాయి. కొత్తవాళ్లు వెనకబడేది అక్కడ దిగి ఎక్కడంలోనే.

కాబట్టి ముందు దిగడం, ఎక్కడం నేర్చుకోండి. గొలుసు కుడివైపు ఉంటుంది, అందుకే ఎడమకు దిగుతారు. పలక ఇంకా నాలుగైదు మీటర్లుండగానే కుడికాలు సీటు వెనకనుంచి తిప్పి ఎడమ పక్కకు తెండి. బరువంతా ఎడమ పెడల్ మీద ఉంటుంది. కుడిచేత్తో ఫ్రేము పైగొట్టం పట్టుకోండి. కుడిపాదం నేల తాకగానే ఎడమపాదం వదిలి పరుగే. ఈ క్షణంలో బ్రేకు మీద ఉండేది ఎడమచెయ్యి ఒక్కటే. అది ముందు చక్రం బ్రేకైతే గట్టిగా నొక్కకండి, వెనక చక్రం లేస్తుంది. పెడల్‌కు బిగుసుకునే క్లిప్ షూలు తర్వాత చూసుకోవచ్చు. ఎడమపాదం ఊడిరాకపోతే పలక మీద పడతారు.

ఎక్కేటప్పుడు ఎగిరి సీటు మీద కూర్చోబోతే తగలరానిచోట తగులుతుంది. కుడితొడ లోపలి భాగాన్ని సీటుకు ఆనించి జారండి. భయంతో ఎగిరేముందు ఎడమకాలి మీద అదనంగా ఒక కుప్పిగంతు వేస్తారు. వేగమంతా అక్కడే పోతుంది. గడ్డి మీద, నడక వేగంతో రోజుకు ఇరవైసార్లు చేస్తే ఆ గంతు అలవాటు పోతుంది. పలకకు బదులు ఖాళీ అట్టపెట్టె పెట్టండి, తగిలినా నలుగుతుందంతే.

నేల సంగతి. మొరం నేల మంచిది. చేవెళ్ల వైపు నల్లరేగడిలోకి వాన వెలిసిన మర్నాడు వెళ్లకండి. సగం ఆరిన రేగడి పిండిముద్దలా టైరుకూ ఫ్రేముకూ మధ్య పట్టేసి చక్రాన్ని ఆపేస్తుంది. పల్లేరుకాయలు మరో బెడద. పంక్చరైతే ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా గుడ్డతో తడమండి. మిగిలిన ముల్లు కొత్త ట్యూబునూ పొడుస్తుంది. ట్యూబున్న టైరుకు 70 కిలోల మనిషి 40 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో మొదలుపెట్టొచ్చు. మరీ తగ్గిస్తే రాయి మీద రిమ్ము ట్యూబును నొక్కి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ప్రశ్న: సైకిలు భుజాన వేసుకుంటే నీళ్లసీసా స్టాండు గుచ్చుకుంటోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: స్టాండు విప్పేయండి, పోటీదారులూ అంతే. పైగొట్టం కుడిభుజం మీద, మెడకు దగ్గరగా ఉండాలి. కుడిచెయ్యి కింది గొట్టం కిందుగా పోనిచ్చి హ్యాండిల్ ఎడమకొమ్మును పట్టుకోండి. వదిలేస్తే ముందు చక్రం తిరిగి మోకాలికి కొడుతుంది.